గ్యాస్ టర్బైన్‌లో సహజవాయువు బదులు ఏం మండించాలి? హైడ్రోజన్, అమోనియా, బయోగ్యాస్, ద్రవ ఇంధనాల పోలిక

ఒక రోజు పై ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది: "మన టర్బైన్ హైడ్రోజన్‌కి రెడీనా?" తయారీదారు బ్రోచర్ తిరగేస్తే "30 శాతం హైడ్రోజన్‌కు సిద్ధం" అని ఉంటుంది. "అయితే కార్బన్ మూడో వంతు తగ్గినట్టే" అని మీటింగులో ఎవరో అంటారు, అందరూ తలలూపుతారు.

లెక్క అక్కడే తప్పుతుంది. ఆ 30 శాతం పరిమాణంలో కొలిచింది. ఒక ఘనమీటరు హైడ్రోజన్ ఇచ్చే వేడి, అంతే మీథేన్ ఇచ్చే వేడిలో మూడో వంతు కూడా ఉండదు. అందుకే 30 శాతం కలిపితే కార్బన్ డయాక్సైడ్ తగ్గేది సుమారు 11 శాతమే. సగానికి సగం కలిపితే 23 శాతం. 75 శాతం కలిపినా తగ్గుదల సగానికి చేరదు, 47 దగ్గర ఆగుతుంది.

నడుస్తున్న టర్బైన్‌కో, కొనబోయే టర్బైన్‌కో ప్రత్యామ్నాయ ఇంధనం ఎంచుకోవాల్సి వచ్చి, నాలుగైదు దారుల మధ్య ఆగిపోయినవారి కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంధనం మారిస్తే ఒక కాలుష్యం తగ్గి ఇంకోటి మొదలవుతుంది. ఆ కొత్తదాన్ని మీరు ఎక్కడ పట్టుకోగలరు, మంటలోనా, ఎగ్జాస్ట్‌లోనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంధనం పేరు ఆ తర్వాత.

## ముందు చూసుకోవాల్సినవి

ఎంత గ్యాసు తోయాలి? ఉష్ణ విలువ తక్కువైతే అదే వేడి కోసం ఎక్కువ ఇంధనం పంపాలి. పైపులు, వాల్వులు, నాజిళ్ల రంధ్రాలు అన్నీ దీన్నిబట్టే ఉంటాయి. నాజిల్ వరకు చూస్తే ఉష్ణ విలువ ఒక్కటే చాలదు, వోబ్ సూచిక చూడాలి. అంటే ఉష్ణ విలువను సాపేక్ష సాంద్రత (గాలితో పోలిస్తే ఎంత బరువు) వర్గమూలంతో భాగించగా వచ్చేది. హైడ్రోజన్ చాలా తేలిక కాబట్టి దాని వోబ్ సూచిక మీథేన్‌ కంటే 15 శాతం మాత్రమే తక్కువ. కాబట్టి హైడ్రోజన్‌తో అసలు ఇబ్బంది నాజిల్ సైజు కాదు, మంట స్వభావం.

మంట ఎంత వేగంగా పరిగెడుతుంది? వచ్చే గాలి కంటే మంట వేగమైతే అది వెనక్కి పాకి బర్నర్‌లోకి దూరుతుంది. ఇది ఫ్లాష్‌బ్యాక్. మరీ నెమ్మదైతే గాలికి ఆరిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి దారిలోనే కంబస్టర్ (ఇంధనం మండే గది) డిజైనర్ బతుకంతా గడుస్తుంది.

నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల కాలుష్యం) ఎక్కడి నుంచి వస్తుంది? గాలిలోని నైట్రోజన్ వేడికి ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది థర్మల్ నాక్స్. మంట సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇది వేగంగా పెరుగుతుంది, అక్కడి నుంచి ప్రతి డిగ్రీ లెక్కలోకి వస్తుంది. ఇంధనంలోనే నైట్రోజన్ ఉంటే వచ్చేది ఫ్యూయల్ నాక్స్, దానికి అంత వేడి అక్కర్లేదు. రెండూ నాక్సే అయినా రెంటికీ మందు ఒకటి కాదు. చాలా తప్పుడు నిర్ణయాలు ఇక్కడే పుడతాయి.

మలినాలు ఏమున్నాయి? సోడియం, పొటాషియం, వెనేడియం, గంధకం, సిలోక్సేన్లు (సిలికాన్ ఉన్న రసాయనాలు). ఇవి మంటను పెద్దగా మార్చవు, కానీ టర్బైన్ బ్లేడ్లను తినేస్తాయి.

ఏడాదికి ఎన్ని గంటలు నడుపుతారు? ఇది ఇంజినీరింగ్ ప్రశ్న కాదనిపిస్తుంది గానీ, సగం జవాబు ఇందులోనే ఉంది. డిమాండ్ పెరిగినప్పుడే తిప్పే, ఏడాదికి 200 గంటలు నడిచే పీకర్‌కీ, ఎగ్జాస్ట్ వేడితో ఆవిరి టర్బైన్‌ను కూడా తిప్పుతూ 8,000 గంటలు నడిచే కంబైన్డ్ సైకిల్‌కీ ఒకే సలహా పనికిరాదు.

| ఇంధనం | కిలోకు వేడి (మెగాజౌళ్లు) | ఘనమీటరుకు వేడి (మెగాజౌళ్లు) | మంట వేగం | నాక్స్ సంగతి | పెద్ద తలనొప్పి |
|---|---|---|---|---|---|
| మీథేన్ | 50 | 36 | సెకనుకు సుమారు 40 సెం.మీ. | థర్మల్ | కార్బన్ |
| హైడ్రోజన్ | 120 | 11 | 200 సెం.మీ. పైనే | థర్మల్, కాస్త ఎక్కువ | ఫ్లాష్‌బ్యాక్, నిల్వ |
| అమోనియా | 18.6 | 14 | సుమారు 7 సెం.మీ. | ఇంధనం నుంచే, చాలా ఎక్కువ | నాక్స్, నైట్రస్ ఆక్సైడ్, విషం |
| బయోగ్యాస్ (60 శాతం మీథేన్) | 18 | 21 | మీథేన్ కంటే తక్కువ | థర్మల్, తక్కువ | శుభ్రపరచడం |
| హెచ్‌వీఓ (హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన నూనెల డీజిల్) | 44 | ద్రవం | డీజిల్ లాగే | డీజిల్‌కు దగ్గర | దొరకడం, ధర |
| బయోడీజిల్ | 37–38 | ద్రవం | డీజిల్‌కు దగ్గర | డీజిల్‌కు దగ్గర | లోహపు మలినాలు, నిల్వ |
| మిథనాల్ | 20 | ద్రవం | మీథేన్‌కు దగ్గర | థర్మల్, తక్కువ | రెట్టింపు ప్రవాహం, పంపులు |

## హైడ్రోజన్: కార్బన్ పోతుంది, ప్రీమిక్స్ బర్నర్‌కు పరీక్ష మొదలవుతుంది

పాతకాలపు డిఫ్యూజన్ కంబస్టర్‌లో ఇంధనం, గాలి విడివిడిగా వచ్చి మంట దగ్గరే కలుస్తాయి. ఫ్లాష్‌బ్యాక్ భయం లేదు, ఏ గ్యాసు పోసినా మండుతుంది. కానీ రెండూ సరిగ్గా మండడానికి తగిన పాళ్లలో కలిసే చోట మంట భగభగలాడుతుంది, నాక్స్ 150 పీపీఎమ్ (పదిలక్షల్లో 150 పాళ్లు) దాటిపోతుంది. దాన్ని దించడానికి నీళ్లో ఆవిరో చిమ్మాలి.

ఈ గొడవ లేకుండా చేసినవే డ్రై లో నాక్స్ (నీళ్లు లేకుండానే తక్కువ నాక్స్) కంబస్టర్లు. గాలి ఎక్కువ, ఇంధనం తక్కువగా ముందే బాగా కలిపి, చల్లటి మంటగా మండిస్తాయి, ఇదే లీన్ ప్రీమిక్స్. సహజవాయువుతో 25 పీపీఎమ్, కొన్ని 9 పీపీఎమ్ కూడా ఇస్తాయి. అయితే కలిసిన గాలి, గ్యాసు మంటకు ముందే బర్నర్‌లో సిద్ధంగా ఉంటాయి కాబట్టి వెనక్కి పాకే మంటకు అది పరచిన తివాచీ. మీథేన్‌తో కుదిరింది, హైడ్రోజన్‌తో కుదరదు. గోడ పక్కన గాలి నెమ్మదిగా కదిలే పొరలోంచి కూడా హైడ్రోజన్ మంట దూరిపోగలదు. మీథేన్ మంట ఆరిపోయే సన్నటి సందులో ఇది ఆరదు.

దీనికి తయారీదారులు కనిపెట్టిన మార్గం పెద్ద మంటను వందల చిన్న మంటలుగా విడగొట్టడం. చిన్న రంధ్రాల్లో గాలి చాలా వేగంగా వెళ్తుంది, మంట పొట్టిగా ఉంటుంది, వేడిగా ఉన్న చోట వాయువు గడిపే సమయం తగ్గుతుంది. కవాసాకీ సంస్థ కోబెలో 2018లో సుమారు 1 మెగావాట్ టర్బైన్‌ను పూర్తి హైడ్రోజన్‌తో నడిపినప్పుడు నీళ్లు చిమ్మే పద్ధతే వాడింది. నీళ్లు లేకుండా ఈ చిన్న మంటలతో నడిచే మైక్రోమిక్స్ పద్ధతికి వచ్చింది 2020లో. ఇటలీలోని ఫ్యుసినాలో ఎనెల్ సంస్థ 2010లోనే హైడ్రోజన్ టర్బైన్ నడిపింది. ఫ్రాన్స్‌లోని సయ్యా-సుర్-వియెన్‌లో సీమెన్స్ ఎనర్జీ టర్బైన్ 2023లో 100 శాతం హైడ్రోజన్‌కు చేరింది. ఇవన్నీ చిన్న, మధ్యరకం యంత్రాలు. పెద్ద యంత్రాల్లో ఇప్పటికీ మిశ్రమాలే. అమెరికాలోని జార్జియాలో మెక్‌డొనా-అట్కిన్సన్ ప్లాంట్‌లో మిత్సుబిషి టర్బైన్‌పై 2022లో 20 శాతం, 2025లో 50 శాతం కలిపి చూశారు.

అందుకే "హైడ్రోజన్ రెడీ" అన్న మాట వినగానే మూడు అడగండి. ఎంత శాతానికి? ఏ లోడ్ దగ్గర? ఏ నాక్స్ హామీతో? మూడింటికీ ఒకే కాగితం మీద జవాబు రాకపోతే అది ఇంకా బ్రోచరే.

నాక్స్ హామీలో ఇంకో మెలిక ఉంది, చాలామంది దీన్ని దాటేస్తారు. పీపీఎమ్ లెక్క తేమ తీసేసిన ఎగ్జాస్ట్‌లో, ఆక్సిజన్ 15 శాతం ఉన్నట్టు సవరించి చెబుతారు. హైడ్రోజన్ మండితే వచ్చేది నీటి ఆవిరే. ఆ తేమ తీసేస్తే మిగిలిన వాయువు తగ్గి, అదే బరువు నాక్స్ ఎక్కువ పీపీఎమ్‌గా కనిపిస్తుంది. పూర్తి హైడ్రోజన్ దగ్గర ఈ తేడా 40 శాతం దాకా పోవచ్చు. అంటే పీపీఎమ్ పెరిగినంత మాత్రాన గాలిలోకి అంత నాక్స్ ఎక్కువ పోతున్నట్టు కాదు. ఇంధన వేడికి ఇన్ని గ్రాములు అనే లెక్క కూడా అడిగి తీసుకోండి. అనుమతి ఇచ్చే కార్యాలయంతో మాట్లాడేటప్పుడు అదే మిమ్మల్ని కాపాడుతుంది.

ఆ నీటి ఆవిరి బ్లేడ్లకు వేడిని కూడా ఎక్కువగా అందిస్తుంది. బ్లేడ్ ఆయుష్షు అంతే ఉండాలంటే ఫైరింగ్ ఉష్ణోగ్రత (టర్బైన్‌లోకి వెళ్లే వాయువు వేడి) కాస్త దించాల్సి రావచ్చు. మంట కంటికి సరిగా కనబడదు, ఫ్లేమ్ డిటెక్టర్లు మార్చాలి. లీకేజీ జాగ్రత్తలు, వెంటిలేషన్, పైపు ఉక్కు పెళుసుబారడం, ఇవన్నీ అదనపు ఖర్చు కాలమ్‌లోకి వెళ్తాయి.

ఇక కరెంటుతో హైడ్రోజన్ చేసి, మళ్లీ దాన్ని మండించి కరెంటు తీస్తే? కిలో హైడ్రోజన్‌కు 50–55 యూనిట్లు పడతాయి. 60 శాతం సామర్థ్యం ఉన్న మంచి కంబైన్డ్ సైకిల్ కూడా దానిలోంచి 20 యూనిట్లే వెనక్కి ఇస్తుంది. రోజూ నడిపే ప్లాంటుకు ఇది భరించలేని బేరం. గాలి, ఎండ రెండూ లేని కొన్ని గంటలకైతే ఆలోచించవచ్చు.

## అమోనియా: నిల్వ సులువు, మంట మొండి

అమోనియాకు ఉన్న బలం అంతా ట్యాంకులో ఉంది. మైనస్ 33 డిగ్రీలకే ద్రవమవుతుంది, హైడ్రోజన్‌కు మైనస్ 253 కావాలి. ఓడల్లో, ట్యాంకుల్లో దశాబ్దాలుగా తిరుగుతున్న సరుకు. అందుకే దిగుమతి మీద ఆధారపడే జపాన్ దీని వెంట పడింది. ఐహెచ్ఐ సంస్థ 2022లో 2 మెగావాట్ల టర్బైన్‌ను ద్రవ అమోనియా ఒక్కదానితోనే నడిపింది.

కంబస్టర్‌లోకి వచ్చేసరికి కథ మారుతుంది. మంట వేగం మీథేన్‌లో అయిదో వంతు. నిలబడి మండాలంటే పెద్ద కంబస్టర్, ఎక్కువ సమయం కావాలి. పైగా నైట్రోజన్ ఇంధనంలోనే ఉంది. సహజవాయువుకు అలవాటైన పద్ధతిలో, గాలి ఎక్కువ పెట్టి చల్లగా మండిస్తే నాక్స్ వేల పీపీఎమ్‌లకు పోతుంది. లీన్ ప్రీమిక్స్ మీద ముప్పై ఏళ్లుగా నేర్చుకున్నదంతా ఇక్కడ తిరగబడుతుంది.

పనికొచ్చే దారి రెండు దశలది. ముందు గాలి కాస్త తక్కువగా ఇచ్చి మండించాలి. అప్పుడు నైట్రోజన్‌లో ఎక్కువ భాగం నాక్స్ కాకుండా మామూలు నైట్రోజన్‌గా మారుతుంది. తర్వాత గబుక్కున గాలి కలిపి, మిగిలిన హైడ్రోజన్, అమోనియాలను రెండో దశలో పూర్తిగా మండించాలి. మొదటి దశలో గాలి మరీ తగ్గిస్తే మండని అమోనియా ముందుకు జారుతుంది, రెండో దశలో అదే నాక్స్ అవుతుంది. సరైన చోటు చాలా ఇరుకు, లోడ్ మారినప్పుడల్లా అది పక్కకు కదులుతుంది.

దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. రెండింటి అణుభారం ఒకటే, 44. కాబట్టి లెక్క నోటితో చేయొచ్చు. ఎగ్జాస్ట్‌లో 100 పీపీఎమ్ నైట్రస్ ఆక్సైడ్ ఉంటే అది 2.7 శాతం కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. సహజవాయువు టర్బైన్ ఎగ్జాస్ట్‌లో ఉండేదే సుమారు 4 శాతం. అంటే ఆ కొద్దిపాటి పీపీఎమ్ చాలు, కార్బన్ మానేసిన పుణ్యం చాలావరకు తుడిచిపెట్టుకుపోవడానికి. మంట చల్లబడే చోట, తక్కువ లోడ్ దగ్గర ఇది పుడుతుంది. కాబట్టి అమోనియా తీసుకుంటే నాక్స్‌తో పాటు దీనికీ కొలత పరికరం పెట్టండి. ఒప్పందంలో దీని హామీ లేకపోతే సంతకం పెట్టకండి.

ఎస్‌సీఆర్ తప్పదు; ఎగ్జాస్ట్‌లో క్యాటలిస్టు మీద నాక్స్‌ను విరగగొట్టే పరికరం అది. అయితే ఎస్‌సీఆర్‌లో నాక్స్‌ను విరిచే మందు కూడా అమోనియానే, అది ఎలాగూ ట్యాంకులో ఉంటుంది. అమోనియాలో కొంత భాగాన్ని ఎగ్జాస్ట్ వేడితో విరగగొట్టి హైడ్రోజన్ కలిపి పంపితే మంట మీథేన్ తీరుకు దగ్గరవుతుంది, కానీ క్రాకర్ అనే ఇంకో పరికరం నెత్తిన పడుతుంది. రాగి, ఇత్తడి భాగాలు ఏమున్నా తీసేయాలి. గాలిలో 300 పీపీఎమ్ అయితే ప్రాణాపాయమే. జనావాసాల పక్కన ఉన్న ప్లాంటుకు నేనైతే ఈ పేరు కూడా ఎత్తను.

## బయోగ్యాస్: మంట మంచిదే, సరుకు మురికి

బయోగ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ మంటను చల్లబరుస్తుంది, అందుకే నాక్స్ తగ్గుతుంది. అదే కారణంగా మంట బలహీనపడి కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, తక్కువ లోడ్‌లో ఆరిపోయే ప్రమాదం ఉంటుంది. ఇవి సర్దుకునే సమస్యలే.

సర్దుకోనివి హైడ్రోజన్ సల్ఫైడ్, సిలోక్సేన్లు. చెత్తకుప్పల గ్యాసులో, మురుగు శుద్ధి గ్యాసులో షాంపూలు, కాస్మెటిక్స్ నుంచి వచ్చే సిలోక్సేన్లు మంటలో ఇసుకలా సిలికాగా మారతాయి. బ్లేడ్ల మీద పేరుకుంటాయి, ఎస్‌సీఆర్ క్యాటలిస్టునూ పాడు చేస్తాయి. కాబట్టి ముందు శుభ్రం చేసే యూనిట్ ధర తెలుసుకుని, తర్వాత టర్బైన్ వైపు చూడండి. గ్యాసును కంబస్టర్ ఒత్తిడికి తెచ్చేటప్పుడు అందులోని పనికిరాని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా కంప్రెస్ చేస్తున్నారని మర్చిపోకండి. ఆ కరెంటు మీ ఉత్పత్తిలోంచే పోతుంది.

ఇది టర్బైన్ గురించిన వ్యాసమే అయినా ఒక మాట చెప్పాలి. సరఫరా ఒకటి రెండు మెగావాట్లకే సరిపోతే గ్యాస్ ఇంజిన్ సామర్థ్యం టర్బైన్ కంటే ఎక్కువ. ఆవిరి లేదా వేడి గాలి అవసరం గట్టిగా ఉంటేనే చిన్న టర్బైన్ గెలుస్తుంది. బయోగ్యాస్‌ను పూర్తిగా శుద్ధి చేసి బయోమీథేన్‌గా పైపులైనులో పెడితే కంబస్టర్‌లో మార్చాల్సింది ఏమీ ఉండదు. దొరికే చోట దీన్ని మించిన సుఖం లేదు. అయితే దొరికేది ఎప్పుడూ కొంచెమే.

## ద్రవ ఇంధనాలు: పీకర్లకు, మారుమూల ప్లాంట్లకు

డీజిల్ ట్యాంకుతో స్టాండ్‌బై నడిపేవారికి హెచ్‌వీఓ అన్నిటికంటే తక్కువ మార్పు కోరుతుంది. గంధకం, ఆరోమాటిక్స్ దాదాపు లేవు కాబట్టి మసి తగ్గుతుంది. నిల్వలో నిలకడగా ఉంటుంది. నాక్స్‌లో మాత్రం పెద్ద మార్పు ఆశించకండి, మంట ఉష్ణోగ్రత డీజిల్‌కు దగ్గరే.

బయోడీజిల్‌ను దీనితో కలిపి మాట్లాడతారు గానీ రెండూ వేరు. బయోడీజిల్ నీటిని పీల్చుకుంటుంది, నెలల తరబడి ఉంచితే చెడిపోతుంది, చలికి గడ్డకడుతుంది, కొన్ని రబ్బరు సీళ్లను ఉబ్బిస్తుంది. తయారీలో మిగిలే సోడియం, పొటాషియం బ్లేడ్ల మీద వేడి తుప్పు తెస్తాయి. ఇంధనంలో వీటికి ఇచ్చే పరిమితి 1 పీపీఎమ్ చుట్టూ, తరచు అంతకంటే తక్కువ. వచ్చిన ప్రతి ట్యాంకర్‌కూ ల్యాబ్ రిపోర్టు లేకుండా ట్యాంకులో దించకండి. ఏడాదికి నాలుగు రోజులు నడిచే స్టాండ్‌బైకి, మిగతా రోజులన్నీ ట్యాంకులో కూర్చునే ఇంధనం కావాలి. బయోడీజిల్ ఆ పనికి సరైనది కాదు.

ఆల్కహాళ్లకు ఉండాల్సినంత పేరు లేదనిపిస్తుంది నాకు. మిథనాల్ ఆవిరయ్యేటప్పుడు చాలా వేడి లాగేసుకుంటుంది, మంట చల్లగా ఉంటుంది, నైట్రోజన్ గానీ గంధకం గానీ లేవు. డీజిల్‌తో పోలిస్తే నాక్స్ బాగా తగ్గుతుంది. ఇజ్రాయెల్‌లోని ఐలాత్‌లో ఒక 50 మెగావాట్ల టర్బైన్ యూనిట్‌ను 2014లో మిథనాల్‌కు మార్చారు. బ్రెజిల్‌లోని జుయిజ్ డి ఫోరాలో పెట్రోబ్రాస్ 2010లో ఇథనాల్‌తో టర్బైన్ నడిపింది. చిక్కల్లా కిలోకు వేడి డీజిల్‌లో సగం కంటే తక్కువ. పంపులు, నాజిళ్లు రెట్టింపు మోయాలి. జారుడు గుణం తక్కువ కాబట్టి పంపులు అరుగుతాయి. మంట పగలు కనిపించదు, మండే ఆవిరి 12 డిగ్రీల దగ్గరే తయారవుతుంది. ఇంకోటి, మిథనాల్ దేనితో తయారైంది అన్నదాన్నిబట్టే దాని కార్బన్ లెక్క. బొగ్గుతో చేసిన మిథనాల్ మండించి పచ్చదనం గురించి మాట్లాడలేం.

సింగ్యాస్ (బొగ్గు లాంటి ఘన ఇంధనాన్ని గ్యాసుగా మార్చితే వచ్చేది), ఉక్కు కర్మాగారాల బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ గురించి రెండు ముక్కలు. ఫర్నేస్ గ్యాస్‌లో ఘనమీటరుకు 3–4 మెగాజౌళ్లే ఉంటాయి. దానికి కంబస్టర్ ఒక్కటి మారిస్తే చాలదు, టర్బైన్, కంప్రెసర్ సరిపోల్చి మొదటి నుంచీ దానికోసమే కట్టాలి. పక్కనే ఆ గ్యాసు వృథాగా మండుతుంటే తప్ప వీటిని జాబితాలో పెట్టకండి.

## నాక్స్‌ను ఎక్కడ పట్టుకోవాలి?

నీళ్లు చిమ్మడం మొదటి పెట్టుబడిలో చవక. డిఫ్యూజన్ కంబస్టర్ ఉండి, ద్రవ ఇంధనమో హైడ్రోజన్ ఎక్కువున్న గ్యాసో మండించేవారికి ఇదే సరళం. గ్యాసుతో 25, ఆయిల్‌తో 42 పీపీఎమ్ దాకా దించవచ్చు. కానీ ఇంధనం బరువుకు దాదాపు సమానంగా ఖనిజాలు తీసేసిన శుద్ధజలం పోయాలి, సామర్థ్యం కొంత పోతుంది, మరీ ఎక్కువ పోస్తే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. నీటి కొరత ఉన్నచోట ఇది మాట్లాడుకోవాల్సిన పని కూడా లేదు. ఫ్యూయల్ నాక్స్ మీద నీళ్లు పెద్దగా పనిచేయవు కాబట్టి అమోనియాకూ ఇది జవాబు కాదు.

డ్రై లో నాక్స్ ఎక్కువ గంటలు నడిచేవారికి మంచిది, నీళ్ల ఖర్చు లేదు. అయితే అది ఒక ఇంధనానికి కుట్టిన చొక్కా. ఇంధనం గుణం కాస్త అటూ ఇటూ అయితే మంట గొణగడం మొదలుపెడుతుంది. ప్లాంటులో హమ్మింగ్ అనే ఆ ఒత్తిడి కంపనాలు కంబస్టర్ భాగాలను పగలగొట్టగలవు. వోబ్ సూచిక కొలిచే పరికరం, ఆటోమేటిక్ ట్యూనింగ్ లేకుండా మిశ్రమాల జోలికి పోవద్దు.

ఎస్‌సీఆర్ ఇంధనం ఏదైనా 80–90 శాతం నాక్స్ తీసేస్తుంది. క్యాటలిస్టుకు 300–400 డిగ్రీలు నప్పుతాయి. కంబైన్డ్ సైకిల్‌లో బాయిలర్ మధ్యలో ఆ చోటు దొరుకుతుంది. ఆ బాయిలర్ లేని సింపుల్ సైకిల్‌లో ఎగ్జాస్ట్ అంతకంటే వేడి, చల్లగాలి కలపాలి లేదా ఖరీదైన క్యాటలిస్టు వాడాలి. ఇంధనంలో గంధకం ఉంటే అమోనియాతో కలిసి జిగట లవణమై బాయిలర్ గొట్టాలకు పట్టుకుంటుంది.

## మీరు ఎవరైతే ఏది

పైపులైను గ్యాసుతో రోజంతా నడిచే కంబైన్డ్ సైకిల్ మీదైతే, ముందు బయోమీథేన్ ఒప్పందం వెతకండి. హైడ్రోజన్ విషయంలో ఇప్పుడు కొనాల్సింది పెద్ద శాతం కాదు, చోటు. ఎస్‌సీఆర్‌కు, పెద్ద పైపులకు, గ్యాస్ స్కిడ్‌కు (గ్యాసును సిద్ధం చేసి పంపే పరికరాల సెట్టు) స్థలం వదిలి కట్టండి. 20 శాతం మిశ్రమం కోసం కంబస్టర్ మార్చి, తగ్గిన 7 శాతం కార్బన్‌కు సంబరపడే ప్రాజెక్టులకు నేను ఓటు వేయను, రేపు 100 శాతానికి తీసుకెళ్లే దారి కాగితం మీద ఉంటే తప్ప.

పీకర్ నడిపేవారు ఇంధనం ధర కంటే నిల్వ, స్టార్ట్ నమ్మకం చూడండి. హెచ్‌వీఓ ముందు, మిథనాల్ తర్వాత. తక్కువ గంటలకు నీళ్లు చిమ్మే పద్ధతి చాలు, అక్కడి నియమాలు ఒప్పుకుంటే.

రిఫైనరీ, ఎరువుల కర్మాగారం లాంటి చోట్ల హైడ్రోజన్ లేదా అమోనియా ముందే లోపల తిరుగుతుంటుంది. వాటిని పట్టుకోవడం తెలిసిన మనుషులూ ఉంటారు. ఈ రెండు ఇంధనాలతో మొదటి ప్రయోగం చేయాల్సింది వీళ్లే. రిఫైనరీలో మిగులు హైడ్రోజన్ గ్యాసు గుణం గంటగంటకూ మారుతుంది కాబట్టి, తక్కువ పీపీఎమ్ ఇచ్చే సున్నితమైన కంబస్టర్ కంటే ఏదైనా మింగే డిఫ్యూజన్ కంబస్టర్, దాని వెనక ఎస్‌సీఆర్ పెట్టడమే నా ఎంపిక.

ఏది ఎంచుకున్నా పర్ఫార్మెన్స్ టెస్టును ఫుల్ లోడ్ దగ్గర ఒక్కటే చేసి ముగించనివ్వకండి. 50 శాతం లోడ్ దగ్గర, ఇంధనం మార్చే ఆ కొద్ది నిమిషాల్లో కూడా నాక్స్, కార్బన్ మోనాక్సైడ్, అమోనియా అయితే నైట్రస్ ఆక్సైడ్ కొలవాలని టెండర్‌లోనే రాయండి.